యాభై దాటాక పుస్తకం మళ్ళీ చేతికి రావాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. కాలేజీ రోజుల్లో తెల్లవార్లూ నవలలు చదివేవారు. ఇప్పుడు వయసు 52. బ్యాంకు నుంచి ఎంవీపీ కాలనీ ఇంటికి వచ్చి పుస్తకం తెరిస్తే రెండు పేజీలకే విసుగొస్తోంది. ఈ ఏడాది 50 పుస్తకాలు చదవాలని టార్గెట్ పెట్టుకుంటే మార్చికే టెన్షన్ మొదలైంది. దానికి తోడు రోజు మొత్తంలో 'ఇది బాగుంది' అనిపించేది ఒక్కటీ ఉండడం లేదు. ఏం చదవాలి, ఎలా చదవాలి, అబ్బాయి కొనిచ్చిన ట్యాబ్‌లో చదవొచ్చా అని అడిగారు.

నేను విశాఖలోనే ఒక కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. "చదవడం పోయిందండీ" అని కౌంటర్ దగ్గర నిలబడి చెప్పుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. ఆ మాట చెప్పడానికైనా లైబ్రరీ దాకా వచ్చినవాళ్ళు మళ్ళీ చదివారు. మీరూ చదువుతారు.

అన్నిటికన్నా ముందు కళ్ళు చూపించుకోండి. పుస్తకం మీద విసుగు అనుకునేది చాలామందిలో చత్వారమే. నలభై దాటాక కంట్లోని కటకం బిగుసుకుపోయి దగ్గరి వాటి మీద చూపు నిలవదు. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుంటాం కాబట్టి ఆ తేడా తెలీదు, పుస్తకం దగ్గరే బయటపడుతుంది. పైగా తెలుగు అచ్చు కంటికి ఎక్కువ పని పెడుతుంది. అక్షరానికి పైన గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము. పాత పుస్తకాల్లో, పలచటి కాగితం మీద, సిరా సరిగా పట్టని వత్తు ఒకటి అక్షరం కింద వేలాడుతూ ఉంటుంది. 'ప'కీ 'ష'కీ తేడా ఒక చిన్న గీత. ఆ గీతలు మసకేస్తే ప్రతి మాటా ఊహించుకుంటూ పోవాలి. రెండు పేజీలకి తల బరువెక్కడంలో వింతేముంది? మా కాలేజీలో ఒక లెక్చరర్ గారు "ఈ మధ్య కథల్లో పస ఉండట్లేదమ్మా" అని పుస్తకాలు తిరిగిచ్చేస్తూ ఉండేవారు. ఆయనకి కొత్త కళ్ళజోడు వచ్చిన వారానికి తెలుగు కథ బాగుపడింది.

దీపం సంగతి కూడా చూసుకోండి. మన హాళ్ళలో ట్యూబ్‌లైటు గోడకి ఎత్తున ఉంటుంది, సోఫాలో కూర్చుంటే మన తల నీడ పేజీ మీదే పడుతుంది. భుజం వెనక నుంచి వెలుగు పడేలా ఒక టేబుల్ ల్యాంపు పెట్టుకుంటే చాలు.

ఇక టార్గెట్. దాన్ని ఇవాళే తీసేయండి. ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు, మా వృత్తిలో అందరం బట్టీ పట్టినవే. పుస్తకాలు వాడుక కోసం, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, పాఠకుడి సమయం ఆదా చెయ్యి, గ్రంథాలయం పెరిగే ప్రాణి. నాలుగో సూత్రాన్ని ఈ రోజుల్లో అందరూ తలకిందులుగా పట్టుకున్నారు. పాఠకుడి సమయం ఆదా చెయ్యమని ఆయన చెప్పింది లైబ్రేరియన్‌కి. పుస్తకం వెతకడంలో అతన్ని బీరువాల చుట్టూ తిప్పకు అని అర్థం. పుస్తకం దొరికాక పాఠకుడు ఎంతసేపు కూర్చుంటాడన్నది అతని ఇష్టం. ఇప్పుడు ఆ ఆదా అంతా చదవడంలోనే చేస్తున్నాం. నవల సారాంశం పది నిమిషాల వీడియోలో, ఆడియో రెట్టింపు స్పీడులో. మిగిల్చిన టైము ఎక్కడికి పోతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మీ రోజంతా ఎలా చదువుతున్నారో ఒకసారి గమనించండి. సర్క్యులర్, మెయిల్, వాట్సాప్, లోన్ ఫైలు. అన్నిట్లోనూ మీ కన్ను 'ఇందులో నాకు కావలసింది ఎక్కడ' అని వెతుక్కుంటూ పోతుంది. అది ఉద్యోగానికి మంచి అలవాటే. సాయంత్రం అదే కన్ను కథ మీద పడితే అక్కడ దానికి కావలసినది ఏదీ దొరకదు, అందుకే విసుగు. కాబట్టి నా సలహా ఒక్కటే, మిగతావన్నీ దాని చుట్టూ చెప్పేవే: కొన్నాళ్ళు పైకి చదవండి. గొంతు పెట్టి, మాట్లాడినంత నెమ్మదిగా. కన్ను పేజీ కిందికి పరిగెత్తాలని చూసినా నోరు దాన్ని పోనివ్వదు. రోజుకి పది నిమిషాలు చాలు. మొదటి రెండు మూడు రోజులు సిగ్గేస్తుంది, ఇంట్లోవాళ్ళు తొంగిచూస్తారు, తర్వాత అలవాటైపోతుంది.

ఈ సలహా ఏ ఊరివాళ్ళకైనా చెబుతాను కానీ, మన ఊరివాళ్ళకి ఇంకాస్త గట్టిగా చెబుతాను. ఈ ఉత్తరాంధ్ర వచనం చెవిలో పుట్టింది. వాడుక భాషలో రాయాలని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఇద్దరూ ఈ కొసనున్నవాళ్ళే. వాళ్ళతో కలిసి నడిచిన పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఇక్కడి ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు. శ్రీశ్రీ చదివిందీ ఆ కాలేజీలోనే. మన మాట ఎలా వినిపిస్తుందో అలాగే కాగితం మీద పెట్టాలన్న పంతం ఇక్కడి రచయితల్లో తరతరాలుగా ఉంది. అలాంటి వచనాన్ని నోరు మూసుకుని గబగబా చదివితే సగం జారిపోతుంది.

కన్యాశుల్కంతో మొదలుపెట్టండి. బళ్ళో పాఠంగా వచ్చిన ముక్క గుర్తొచ్చి మొహం చిట్లించకండి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. ఇప్పుడు మనకి దొరికేది ఆ రెండోదే. బాగా పెద్దది. మొత్తం చదవాలని కూర్చోకండి. మీరూ మీ ఆవిడా చెరో పాత్ర తీసుకుని రోజుకో రంగం చదవండి. గిరీశం మీకొస్తే మధురవాణి ఆవిడకివ్వండి, రామప్పపంతులు ఎవరికొచ్చినా పండుతుంది. ఆ సంభాషణల్లో ఎవరు ఎవర్ని బోల్తా కొట్టిస్తున్నారో కంటితో చదివితే ఒకోసారి అందదు. గొంతు పెట్టగానే తెలిసిపోతుంది, ఎందుకంటే అబద్ధం చెప్పేటప్పుడు గిరీశం వాక్యం పొడుగవుతుంది. నాటకం చివర విశాఖపట్నానికే చేరుతుంది, సౌజన్యారావు పంతులు గారు ఇక్కడి ప్లీడరు. నాకు మాత్రం ఆ చివరి భాగం కన్నా అంతకు ముందున్న దొంగలూ దగుల్బాజీలే ఎక్కువ ఇష్టం. సౌజన్యారావు గారు మరీ మంచివారు.

తర్వాత రావిశాస్త్రి. రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) ఇక్కడే వకీలుగా ఉన్నారు. మద్యనిషేధం రోజుల్లో దొంగసారా, పోలీసులు, ప్లీడర్లు, కోర్టులు, వీటి మధ్య నలిగే పేదవాళ్ళు. 'ఆరు సారా కథలు' నిండా వాళ్ళే. ఆయన వాక్యం ఒకే మాటని తిప్పి తిప్పి వాడుతుంది, పోలిక మీద పోలిక వేస్తుంది. కంటితో చదివితే ఎక్కువైందనిపిస్తుంది, నాకూ కొన్నిచోట్ల ఎక్కువే అనిపిస్తుంది. పైకి చదివితే అదే ఊపులా పనిచేస్తుంది.

మొన్న వానాకాలంలో బాల్కనీలో కూర్చుని ఆ కథల్లో ఒకటి పైకి చదువుతున్నాను. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కింద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. ఆవిడది వన్‌టౌన్. కథలో సారా కేసులో పట్టుబడిన ఒకామె వకీలు ముందు కడుపులో ఉన్నదంతా కక్కేస్తూ ఉంటుంది. నేను రెండు పేజీలు చదివానో లేదో, ఈవిడ చెయ్యి ఆపింది.

"ఓలమ్మ, అలా సదివితే ఆవిడికి కోపం ఎలా వస్తాదమ్మా? పాటం సెప్పినట్టు సదువుతున్నావు."

"మరెలా చదవాలి?"

"ఆపాల. ఒక మాట అని, ఆడి మొకం సూసి, అప్పుడు రెండోది అనాల."

వాక్యం ఎక్కడ ఆపాలో చూపించింది. నేను కామా దగ్గర ఆగుతున్నాను, ఆవిడ దెబ్బ తగలాల్సిన చోట ఆగింది. అదే ముక్క ఆవిడ చెప్పినట్టు మళ్ళీ చదివితే నా ఒళ్ళే జలదరించింది. కథ అయిపోయాక అడిగింది: "ఈయన మన కాడే ఉండీవోరేటి?" అవును, వకీలు అన్నాను. "అదీ సంగతి. ఇని రాసినాడు," అని మళ్ళీ చింతపండులో పడింది. ఇన్నేళ్ళుగా రావిశాస్త్రి మీద వచ్చిన వ్యాసాలు చాలా చదివాను. ఆ రెండు మాటలకి సరితూగే విమర్శ తక్కువే కనిపించింది.

ఆయనదే 'అల్పజీవి' నవల ఉంది. దాన్ని మాత్రం పైకి చదవకండి, అది పూర్తిగా తలలో నడిచే పుస్తకం. సుబ్బయ్య అనే ఒక గుమాస్తా, అన్నిటికీ భయపడే మనిషి. పై అధికారి అంటే భయం, బావమరిది అంటే భయం, తను డబ్బు బాకీ ఉన్నవాడంటే భయం. ఆ భయం లోపల్లోపల ఎలా మాటలు అల్లుకుంటుందో చూపించడమే నవల. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు ఇతనెందుకిలా నంగిలా ఉన్నాడు అని చిరాకు పడ్డాను. ఈ మధ్య మళ్ళీ చదివితే చిరాకు స్థానంలో గుర్తుపట్టడం వచ్చింది. ఇలాంటి మనుషులతోనే కదా ఉద్యోగమంతా గడిపింది. నాలో కూడా కొంచెం ఉన్నాడు. బ్యాంకులో పనిచేస్తున్నారు కాబట్టి మీకు ఇంకా బాగా తగులుతుంది. మార్చి నెలాఖర్లో మాత్రం చదవొద్దు, అసలే ఖాతాల ముగింపు.

పది నిమిషాల్లో అయిపోయేది ఒకటి చెప్పమంటే చాసో. చాగంటి సోమయాజులు, విజయనగరం. మాట వృథా చేయని మనిషి. 'ఎంపు' అనే కథలో బిచ్చమెత్తుకునే పిల్లకి పెళ్ళీడు వస్తుంది. ఆమెకి ఒక కుంటివాడి మీద మనసు. తండ్రేమో గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు. ఎందుకంటే గుడ్డివాడికి బిచ్చం ఎక్కువ పడుతుంది. ఎక్కడా రచయిత మధ్యలో దూరి అయ్యో అనడు. కథ నవ్వుతూ మొదలెట్టి ఎప్పుడు నవ్వు ఆపామో తెలీకుండా ముగుస్తుంది. ఆ కథ చదివిన రోజు ఇంకోటి చదవకండి. పుస్తకం మూసి ఏదో ఒక పని చూసుకోండి.

కారా మాస్టారిని, అంటే కాళీపట్నం రామారావు గారిని, కొంచెం ఆగాక అందుకోండి. విశాఖలో ఎన్నో ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పారు, 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. 'యజ్ఞం' పెద్ద కథ. అప్పు, వడ్డీ, పంచాయితీ, తగువు. లెక్కల మాస్టారి కథే అది, ఒక్కో మెట్టూ తేల్చుకుంటూ పోతుంది. మీ పళ్ళెంలో మొదటే వడ్డించడానికి బరువు. చదవగలిగిన రోజున చదవండి. 1997లో శ్రీకాకుళంలో ఆయన మొదలుపెట్టిన కథానిలయం మనకి పెద్ద దూరమేం కాదు. తెలుగు కథ అచ్చయిన పాత పత్రికలూ సంపుటాలూ ఒక్కచోట పేర్చి పెట్టిన ఇల్లు అది. వెళ్ళేముందు ఫోన్ చేసి వెళ్ళండి.

నవలలు రాసిన కె.ఎన్.వై. పతంజలి గురించి ఒక హెచ్చరిక. ఆలమండ రాజుల లోగిళ్ళు, వీరబొబ్బిలి అనే కుక్క ఠీవి, ఇవన్నీ బస్సులో చదివితే పక్కవాళ్ళు జరిగి కూర్చుంటారు. నేను 900కె బస్సులో భీమిలి వెళ్తూ చదివాను. ఋషికొండ దాటేవరకు చదివి, ఆ తర్వాత మూసేసి కుడివైపు కిటికీలోంచి సముద్రం చూడడం నా పద్ధతి. ఎడమవైపు కూర్చుంటే పుస్తకం పూర్తవుతుంది, సముద్రం పోతుంది.

నేను చెప్పినవన్నీ పాతవాళ్ళవే అని మీరు అనొచ్చు. కొత్తవి చదవొద్దని కాదు. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు చుట్టూ వినిపించే మాట, నడిచే వీధి పేజీలో కనిపిస్తే కాళ్ళు నిలదొక్కుకుంటాయి, అంతే. ఒక్క రకానికి మాత్రం దూరంగా ఉండమంటాను, కనీసం ఈ ఏడాది: విజయానికి ఇన్ని మెట్లు, తెల్లవారుజామున లేస్తే కోటీశ్వరులు, ఇలాంటి వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు. మీరు ఆఫీసులో మోస్తున్నదే అవి మళ్ళీ ఇంటికి పంపిస్తాయి.

పుస్తకాలు కొనకండి, తెచ్చుకోండి. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, మెంబరుగా చేరండి. సొంత పుస్తకం ఎక్కడికీ పోదు, అందుకే బీరువాలో ఏళ్ళ తరబడి ఉంటుంది. లైబ్రరీ పుస్తకానికి గడువు ఉంటుంది. పైగా వెనక అట్టకి అంటించిన తేదీల చీటీ ఉంటే అదొక చిన్న కథ. మా కాలేజీలో నేను ఆ చీటీలు చూస్తూ కూర్చునేదాన్ని. కథల పుస్తకాల మీద ముద్రలు ఎప్పుడు ఒత్తుగా పడేవో తెలుసా? పరీక్షల ముందు నెలలో. చదవాల్సింది వేరే ఉన్నప్పుడే కథ రుచిగా ఉంటుంది, మనిషి బుద్ధి అంతే. నచ్చకపోతే సగంలో తిరిగిచ్చేయండి, కౌంటర్లో ఎవరూ అడగరు. నేనైతే ఎప్పుడూ అడగలేదు.

ఇక మీ రెండో బాధ, రోజులో ఏదీ బాగుండకపోవడం. నిద్ర చెడి, ఆకలి మందగించి, ఏ పని మీదా మనసు లేకుండా రెండు వారాలు దాటితే దానికి పుస్తకాలు చెప్పను, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అది సిగ్గుపడే విషయం కాదు, బీపీ చూపించుకున్నట్టే. అలా కాకుండా, పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే రంగులో జారిపోతోంది అన్నదే మీ బాధ అయితే, నాకు తోచింది చెబుతాను.

రెండు చేతులకీ పని చెప్పే తిండి తినండి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. సంక్రాంతి రోజుల్లో పూర్ణామార్కెట్ వైపు వెళ్తే తేగలు కట్టలు కట్టి అమ్ముతారు. ఒకటి తీసుకుని తొక్క వలవాలి, నిలువునా రెండుగా చీల్చాలి, మధ్యలో ఉన్న సన్నటి మొలక తీసి అది ముందు తినాలా ఆఖర్న తినాలా అని ఆలోచించాలి. తర్వాత కొరికితే పీచు పళ్ళల్లో ఇరుక్కుంటుంది, దాన్ని లాగుతూ మిగతాది నమలాలి. గబగబా తినడం కుదరదు. ఆ చేతుల్తో ఫోన్ ముట్టుకోలేరు. పావుగంట అలా పోతుంది, ఆ పావుగంటలో మీరు తేగ తప్ప ఇంకేమీ ఆలోచించి ఉండరు. వేసవిలో ముంజలు కూడా అంతే, నీళ్ళు చొక్కా మీద పడకుండా చూసుకోవడంలోనే మనసంతా ఉంటుంది. వానలు వెనకబట్టాక ఏజెన్సీ నుంచి సీతాఫలాలు దిగుతాయి, గింజ గింజకీ ఆగాలి. చేపలు తినేవాళ్ళయితే పీతల కూర గురించి నేను చెప్పక్కర్లేదు.

వీటికి ఇంకో గుణం ఉంది, ఏడాది పొడవునా దొరకవు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో మా వీధిలోకి వచ్చే చేపలావిడ గంప సగం ఖాళీ, ధర రెట్టింపు. జూన్ మధ్యలో హార్బర్ నుంచి బోట్లు మళ్ళీ వెళ్ళాక మొదటిసారి ఆవిడ కేక వీధి చివర వినిపిస్తే మా అపార్ట్‌మెంట్లో బాల్కనీ తలుపులు వరసగా తెరుచుకుంటాయి. ఎదురుచూసింది దొరికినప్పుడు దానికి వేరే టార్గెట్ అక్కర్లేదు. ఫోన్లో ఏది కావాలన్నా అర్ధరాత్రి కూడా దొరకడమే మీ రోజంతా ఒకే రంగులో ఉండడానికి ఒక కారణమని నా అనుమానం. పనసపొట్టు కూర కూడా ఆన్‌లైన్లో ఏ నెలలోనైనా అమ్ముతున్నారిప్పుడు. నేను కొనను. లేత పనసకాయ మార్కెట్లోకి వచ్చి, దాన్ని కత్తితో టకటకా కొట్టించుకుని తెచ్చుకుని, ఇంట్లో ఆవ పెట్టి చేసుకుంటేనే అది కూర.

సాయంత్రాలు ఎంవీపీ కాలనీ నుంచి ఆర్.కె. బీచికి ఎంతసేపు? వారంలో ఒకరోజు వెళ్ళి మురీ మిక్స్చర్ తినండి. బండివాడు మరమరాలు డబ్బాలో పోసి, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, వేరుశనగ గుళ్ళు వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో డబ్బా గోడకి తగిలేలా టకటకలాడిస్తాడు. పొట్లంలో పోయగానే తినాలి. సముద్రం గాలికి అయిదు నిమిషాల్లో మెత్తబడిపోతుంది, ఫొటో తీస్తూ కూర్చుంటే చల్లటి ముద్ద మిగులుతుంది. తిన్నాక పొట్లం పారేయకుండా విప్పి చదవండి. మా తరంవాళ్ళకి ఇదొక జబ్బు. పకోడీ పొట్లమైనా, పప్పు కట్టిన కాగితమైనా చదివి గానీ వదలం. మొన్న నాకొచ్చింది పెళ్ళి ప్రకటనల పేజీ. అబ్బాయికి సొంత ఇల్లు ఉంది, ఒక్కడే కొడుకు, కట్నం ఆశించరు, కాని అమ్మాయి తప్పనిసరిగా, అనేసరికి కాగితం చిరిగిపోయింది. తప్పనిసరిగా ఏమిటో తేల్చుకోలేక మేమిద్దరం నోవోటెల్ దగ్గర నుంచి సబ్‌మెరైన్ దాకా వాదించుకుంటూ నడిచాం. మా ఆయన వంట అన్నారు. నేను ఉద్యోగం అన్నాను. ఆ నెలలో నేను చదివిన వాటిలో అంతగా ఆలోచింపజేసిన వాక్యం మరొకటి లేదు.

ఆఖరికి ట్యాబ్. నిరభ్యంతరంగా చదవండి. పాత పుస్తకాల స్కాన్లు చాలా దొరుకుతున్నాయి, కథానిలయం వాళ్ళు కూడా పాత కథలు వెబ్‌సైట్లో పెట్టారు. వేళ్ళతో లాగితే వత్తులు శనగగింజంత అవుతాయి, చత్వారానికి అంతకన్నా సుఖం లేదు. మన ఊరి ఉప్పుగాలికి, తేమకి కాగితం పుస్తకాలు పసుపెక్కి బూజు వాసన కొడతాయి, వెండిరంగు పురుగులు బైండింగు జిగురు తినేస్తాయి. ట్యాబ్‌కి ఆ గొడవ లేదు. ఇంట్లో ఉన్న పుస్తకాల్ని వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి నీడపట్టున గాలికి ఆరబెట్టి, బీరువాలో గోడకి ఆనకుండా బెత్తెడు ఖాళీ వదిలి పేర్చండి. ఎండిన వేపాకు వేస్తే మంచిది. చదివేటప్పుడు మాత్రం ట్యాబ్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే గిరీశం మాట్లాడుతుండగా మీ బ్రాంచి గ్రూపులోంచి గుడ్ నైట్ పువ్వులు వచ్చి పడతాయి. ఇంకోటి, వెల్లకిలా పడుకుని చదవకండి. నిద్ర పట్టగానే ట్యాబ్ ముక్కు మీద పడుతుంది. చాసో కథల పుస్తకం పడితే పెద్దగా తెలీదు కానీ, ట్యాబ్ పడినా కన్యాశుల్కం పడినా దెబ్బ ఒకటే.